జేన్ చెప్పిన మాట

1871 ఏప్రిల్ 25, మంగళవారం. సాయంత్రం ఆరున్నర దాటింది. లండన్‌కి ఆగ్నేయాన, థేమ్స్ నది పక్కనున్న డెట్‌ఫర్డ్‌లో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటూ నడుస్తున్నారు. మీరు వాళ్ళ వెనకే, మాట వినబడేంత దగ్గర్లో ఉన్నారు. పెద్దావిడ పేరు ఫ్యానీ హ్యామిల్టన్. గ్రీనిచ్‌లో ఆష్‌బర్న్‌హామ్ రోడ్డులో ఉంటుంది, ఇంట్లో ఓ గది అద్దెకిస్తుంది. పక్కనున్న పిల్ల ఈ నెల మధ్యలోనే ఆ గదిలోకి వచ్చింది. పేరు జేన్ మరియా క్లౌసన్. పదిహేడు నిండడానికి ఇంకెన్నో రోజుల్లేవు.

ఇక్కడ ఇద్దరి దారులూ వేరవుతాయి. వెళ్ళే ముందు జేన్ తను ఎక్కడికి పోతోందో హ్యామిల్టన్‌కి చెబుతుంది. గ్రీనిచ్‌లోని క్రూమ్స్ హిల్‌కి. ఎవరిని కలవడానికో కూడా చెబుతుంది. ఎడ్మండ్ పూక్‌ని.

హ్యామిల్టన్ విన్నది. మీరూ విన్నారు. జేన్ సందు మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఈ మాటను బాగా గుర్తుపెట్టుకోండి. మూడు నెలలు తిరక్కుండానే ఇది పెద్ద కోర్టు గుమ్మం దాకా వెళ్తుంది. అక్కడేమవుతుందో చూడాలి.

ముందు ఆ పిల్ల ఎవరో తెలుసుకుందాం. ఇప్పుడు గ్రీనిచ్‌లో లండన్ స్ట్రీట్ మూడో నంబరు ఇంటికి రండి. కింద అచ్చు పని. యజమాని ఎబెనీజర్ పూక్, ముద్రాపకుడు. భార్య, ఇద్దరు కొడుకులు. చిన్నవాడు ఎడ్మండ్‌కి ఇరవై ఏళ్ళు. తండ్రి దగ్గరే పనిచేస్తాడు, అప్పుడప్పుడు మూర్ఛ వస్తుంటుంది. దాదాపు రెండేళ్ళుగా ఈ ఇంటి చాకిరీ అంతా జేన్‌దే. అలాంటి ఇళ్ళలో ఒక్కర్తే పనిపిల్ల ఉంటుంది. ఇంట్లో అందరికంటే ముందు లేస్తుంది. నిన్నటి బూడిద ఎత్తి పొయ్యి రాజేస్తుంది. బొగ్గులు మోస్తుంది, నీళ్ళు మోస్తుంది, గుమ్మం మెట్లు మోకాళ్ళ మీద కూర్చుని తోముతుంది. వండినవి వడ్డిస్తుంది, అంట్లు తోముతుంది, అందరూ పడుకున్నాక తను పడుకుంటుంది. ఆ యేడు జనాభా లెక్కల నాటికి ఇంగ్లండ్, వేల్సుల్లో ఇలా ఇళ్ళలో జీతానికి పనిచేసే ఆడవాళ్ళు దాదాపు పన్నెండు లక్షలు. ఆడవాళ్ళకు దొరికే పనుల్లో అన్నిటికంటే ఎక్కువమంది చేసేది అదే.

జేన్‌కి తల్లి లేదు. ఏప్రిల్ 13న ఆమెను పూక్ ఇంట్లో పనిలోంచి తీసేశారు. శుభ్రత లేదని, అందుకే పంపేశామని తర్వాత ఆ ఇంటివాళ్ళు చెప్పారు. ఆ రోజుల్లో పాత యజమాని మంచి పిల్లేనని రాసిస్తేనో, చెబితేనో తప్ప కొత్త ఇంట్లో పని దొరకడం కష్టం. పదహారేళ్ళ పిల్ల బతుకు ఇంకొకరి మాట మీద నడిచేది. పైగా జేన్ కడుపులో రెండు నెలల బిడ్డ. ఆ సంగతి మీకు నేను చెబుతున్నాను గానీ, ఊరికి తెలిసేది ఆమె చనిపోయాకే.

ఆ పన్నెండు రోజుల్లో జేన్ దిగులుగా లేదు. అదే మనసుని ఎక్కువ పిండేస్తుంది. దగ్గరి చుట్టం షార్లెట్ ట్రాట్‌తో ఆశపడుతూ మాట్లాడింది. తను కొన్నాళ్ళు కనబడకపోతే కంగారు పడొద్దంది. ఎడ్మండ్ తనను ఊరవతలికి తీసుకెళ్తాడని, పెళ్ళి చేసుకుంటాడని, అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దన్నాడని అంది. ఇదంతా నిజమో, ఆమె ఊహించుకున్నదో మనం చెప్పలేం. ఆమె మాత్రం నమ్మింది.

ఇప్పుడు మళ్ళీ మంగళవారం రాత్రికి. గ్రీనిచ్ నుంచి కొండెక్కి, బ్లాక్‌హీత్ మైదానం దాటి, కిడ్‌బ్రూక్ లేన్‌లోకి రండి. ఈ రోజు అక్కడంతా ఇళ్ళే. 1871లో మాత్రం రెండు పక్కలా పొలాలు, మధ్యలో మట్టిబాట, పక్కనే సన్నటి వాగు. దీపాలు లేవు. సాయంత్రాలు ప్రేమికులు తిరిగే చోటు. ఆ రాత్రి ఒక యువజంట అక్కడే ఉంది. ఒక ఆడమనిషి అరుపు విన్నారు. ఎవరో సరసాలాడుకుంటున్నారులే అనుకున్నారు.

తెల్లవారుజామున నాలుగుంబావు. గస్తీ తిరుగుతున్న కానిస్టేబుల్ డొనాల్డ్ గన్ పక్కన మీరూ నడుస్తున్నారు. బాట మధ్యలో ఎవరో చేతుల మీదా మోకాళ్ళ మీదా ఉన్నట్టు కనిపిస్తుంది. తాగి పడిపోయిందేమో అనిపిస్తుంది. దగ్గరికి వెళ్ళి ఇక్కడేం చేస్తున్నావని అడుగుతాడు. ఆమె తలెత్తుతుంది. ముఖం ముఖంలా లేదు. తల చీలిపోయి ఉంది, చెంప పగిలిపోయింది, ఒక కన్ను పోయింది. అబ్బా, నా తల, నా తల అని మూలుగుతుంది. చెయ్యి పట్టుకోమని చాపుతుంది. నెత్తురోడుతున్న ఆ చేతిని చూసి గన్ ఒక్క క్షణం జంకాడు. ఆ క్షణంలోనే ఆమె ముందుకి పడిపోయింది. నన్ను చావనివ్వండి అంది. ఇక స్పృహ రాలేదు.

నేల మీద నెత్తురు, అడుగుల గుర్తులు. ఆమె టోపీ, చేతి తొడుగులు పక్కనే పడి ఉన్నాయి. జేబులో డబ్బు అలాగే ఉంది. దోచుకోవడానికి వచ్చినవాడు డబ్బు వదిలి వెళ్ళడు.

బండి మీద లండన్‌లోని గైస్ ఆసుపత్రికి చేర్చారు. తల మీదా ముఖం మీదా పన్నెండుకు పైగా గాయాలు. చేతుల మీద కూడా గాట్లున్నాయి. అంటే ఆమె ఆపబోయింది, చేతులడ్డం పెట్టుకుంది. మంచం పక్కన నిలబడండి. ఈ పిల్లెవరో ఇక్కడెవరికీ తెలీదు. పోలీసులు ఆమె ఆనవాళ్ళు ప్రకటించారు. కూతురో, చెల్లెలో కనబడకుండా పోయినవాళ్ళు వచ్చి చూసి, మా పిల్ల కాదని తిరిగి వెళ్తున్నారు. ఏప్రిల్ 30, ఆదివారం రాత్రి ఆమె కన్నుమూసింది. అప్పటికింకా పేరు లేదు. మర్నాడు చుట్టాలు గుర్తుపట్టారు. మా జేనే అన్నారు.

పేరు తెలియగానే ఆమె చెప్పిన మాటలు బయటికొచ్చాయి. షార్లెట్ చెప్పింది. హ్యామిల్టన్ చెప్పింది. ఆ రోజే, మే 1న, సూపరింటెండెంట్ జేమ్స్ గ్రిఫిన్, స్కాట్లండ్ యార్డ్ ఇన్‌స్పెక్టర్ జాన్ మల్వనీ లండన్ స్ట్రీట్ ఇంటి తలుపు తట్టారు. ఎడ్మండ్ కంగారు పడలేదు. జేన్ మురికి పిల్ల, అందుకే పంపేశామన్నాడు. ఆమెకు నువ్వు ఉత్తరం రాశావట కదా అంటే, ఉందా ఆ ఉత్తరం, నా దస్తూరీ అయితే అదే చెబుతుంది కదా అన్నాడు. ఉత్తరం దొరకలేదు. మంగళవారం సాయంత్రం లూయిషామ్ వెళ్ళానని, తనకు ఇష్టమైన అమ్మాయి ఇంటి దగ్గర ఆమె కోసం చూసి తిరిగొచ్చానని చెప్పాడు. ఆ అమ్మాయి అతన్ని ఆ సాయంత్రం చూడలేదు.

బట్టల మీద కొద్దిగా నెత్తురు మరకలున్నాయి. ప్యాంటుకి ఒక వెంట్రుక. ఇప్పుడైతే ల్యాబుకి పంపి డీఎన్‌ఏ అడుగుతాం. 1871లో ఆ మరక నెత్తురే అని చెప్పగలిగేవాళ్ళు గానీ, మనిషిదో జంతువుదో తేల్చే పరీక్ష లేదు. అది 1901లో వచ్చింది. మనుషుల నెత్తురులో గ్రూపులున్నాయని కనిపెట్టిందీ ఆ యేడే. జేన్ ముప్ఫై ఏళ్ళు ముందు చనిపోయింది.

ఆయుధం మాత్రం దొరికింది. దాడి జరిగిన చోటికి మైలు దూరంలో, బ్లాక్‌హీత్‌లోని మోర్డెన్ కాలేజీ ఆవరణలో తోటమాలికి ఒక సుత్తి కనబడింది. తాపీ పనివాళ్ళు వాడే రకం. ఒక పక్క సుత్తి, ఇంకో పక్క గొడ్డలిలాంటి పదును. దాని మీద నెత్తురు, వెంట్రుకలు. దాని మీది గుర్తును బట్టి పోలీసులు డెట్‌ఫర్డ్‌లో ఇనుప సామాన్ల దుకాణం దాకా వెళ్ళారు. అక్కణ్ణుంచి దారి చిక్కుపడింది. ఎవరికి ఎప్పుడు అమ్మారన్న దాని మీద సాక్షులు తలోమాటా చెప్పారు. ఆ సాయంత్రం దారిలో ఎడ్మండ్‌ని అమ్మాయితో చూశామన్నవాళ్ళున్నారు. పరుగెత్తుకుంటూ పోతుండగా చూశామన్నవాళ్ళున్నారు. గ్రీనిచ్‌లో ఒక మిఠాయి కొట్టావిడ, రాత్రి తొమ్మిదికి అతను రొప్పుతూ వచ్చి బట్టలు దులుపుకోడానికి బ్రష్ అడిగాడని చెప్పింది. ఒక్కొక్కటీ వింటే బలంగా ఉంది. డిఫెన్సు లాయరు ప్రశ్నించేసరికి ఒక్కొక్కటే సడలిపోయింది.

ఈలోగా మరణ విచారణ జరిపిన కరోనర్ దగ్గర జేన్ మాటలన్నీ బయటపడ్డాయి. పత్రికలు అచ్చేశాయి. ఊరంతా చదివింది. ఎడ్మండే హత్య చేశాడని కరోనర్ జ్యూరీ తీర్మానించింది. గ్రీనిచ్, డెట్‌ఫర్డ్ వీధుల్లో ఎవరినడిగినా, ఆ పిల్ల ఎవరిని కలవడానికి వెళ్తున్నానని చెప్పిందో ఠక్కున చెబుతారు.

ఇప్పుడు జూలై 12. లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు. కూర్చోడానికి చోటు లేదు. బెంచి మీద ప్రధాన న్యాయమూర్తుల్లో ఒకరైన సర్ విలియం బోవిల్. ప్రాసిక్యూషన్ తరఫున సొలిసిటర్ జనరల్ జాన్ డ్యూక్ కోలరిడ్జ్. బోనులో ఎడ్మండ్ నిలకడగా నిలబడ్డాడు. ఫ్యానీ హ్యామిల్టన్ సాక్షి బోనెక్కింది. ఆ సాయంత్రం జేన్‌ని ఎక్కడ వదిలారో, ఎన్నింటికి వదిలారో చెప్పింది. తర్వాత ఆమె నోట ఏ మాట రావాలో మీకు తెలుసు. మీరు దాన్ని చెవులారా విన్నారు. కోర్టులో ఉన్న అందరికీ తెలుసు, అప్పటికే పేపర్లలో చదివారు.

జడ్జి ఒప్పుకోలేదు. జేన్ ఎక్కడికి వెళ్తున్నానందో, ఎవరిని కలుస్తానందో ఆ సాక్షి చెప్పకూడదన్నాడు. షార్లెట్‌తో అన్న మాటలూ అంతే. అది విన్న మాట, కన్న సంగతి కాదు. ప్రమాణం చేసి చెప్పింది కాదు. అడ్డుప్రశ్న వేద్దామంటే చెప్పిన మనిషి లేదు.

కోపం వస్తుంది. కానీ ఆ నియమానికీ ఒక న్యాయం ఉంది. లేని మనిషి నోట పెట్టిన మాటతో ఉన్న మనిషిని ఉరి తీయకూడదని ఆ దేశపు న్యాయస్థానాలు ఎంతోకాలంగా పాటిస్తున్నాయి. దానికున్న మినహాయింపుల్లో ఒకటి ఇక్కడ ముఖ్యం. అదే మరణ వాంగ్మూలం. చావు తప్పదని తెలిసి, బతుకు మీద ఆశ పూర్తిగా వదులుకున్న మనిషి తన చావుకి కారణం చెబితే వింటారు. ఆ గడియలో ఎవరూ అబద్ధమాడరని నమ్మకం.

జేన్ విషయంలో ఇది ఎలా తిరిగిందో చూడండి. ఎడ్మండ్ పేరు చెప్పినప్పుడు ఆమె ఆశతో ఉంది. పెళ్ళవుతుందనుకుంటోంది. ఆశ ఉంది కాబట్టి ఆ మాట చెల్లదు. కిడ్‌బ్రూక్ లేన్ బురదలో ఆశ పోయింది. అప్పుడు ఆమె నోట పేరు రాలేదు. చావనివ్వమని మాత్రమే అడిగింది. అప్పటి చట్టం దృష్టిలో జేన్ ఎవరి గురించీ ఏమీ చెప్పనట్టే.

ఇంకొకటి కూడా గమనించండి. బోనులో ఉన్న ఎడ్మండ్ కూడా ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పలేడు. ముద్దాయి తన తరఫున తానే సాక్షిగా నిలబడే హక్కు ఇంగ్లండ్‌లో 1898 దాకా రాలేదు. ఆ ఇద్దరి మధ్యా ఏం జరిగిందో తెలిసిన ఇద్దరి మాటా జ్యూరీ వినలేదు. సుత్తి, వెంట్రుక, మరకలు, గడియారం లెక్కలు, ఇవే మిగిలాయి. పోలీసులు కేసు నడిపిన తీరును జడ్జి గట్టిగా తప్పుపట్టాడు.

జూలై 15, శనివారం. జ్యూరీ లోపలికి వెళ్ళింది. అరగంట కూడా పట్టలేదు. నిర్దోషి అన్నారు. కోర్టు లోపల కొందరు హర్షధ్వానాలు చేశారు.

గ్రీనిచ్‌కి తిరిగి రండి. అక్కడ హర్షం లేదు. లండన్ స్ట్రీట్ ఇంటి ముందు జనం గుమిగూడి కేకలేస్తున్నారు. హత్యను బొమ్మలతో కట్టిన బండిని ఆ వీధిలో ఊరేగించారు. ఈ గుంపులో నిలబడటం నాకు ఇష్టం లేదు, మీకూ ఉండకూడదు. రుజువు కాని నేరానికి ఒక కుటుంబాన్ని వేధించడం న్యాయం కాదు. ఎడ్మండే చంపాడని రాసిన ఒక కరపత్ర రచయిత మీద పరువు నష్టం దావా వేసి ఎడ్మండ్ గెలిచాడు. అతను చంపాడని నేను అనను. నేననేది వేరు. పన్నెండు మంది తీర్పరులు నిర్ణయం చెప్పే ముందు ఆ పిల్ల ఆఖరి సాయంత్రం నోరు తెరిచి చెప్పింది వినాల్సింది. విన్నాక నమ్మడమా మానడమా వాళ్ళిష్టం. వినకుండానే తీర్పు చెప్పాల్సి రావడం జేన్‌కి అన్యాయం. నిజంగా నిర్దోషి అయితే ఎడ్మండ్‌కీ అన్యాయమే, ఎందుకంటే అనుమానం అతన్ని వదల్లేదు.

నాలుగేళ్ళ తర్వాత, 1875లో, లండన్‌లోనే ఇంకో హత్య కేసు విచారణకొచ్చింది. హ్యారియెట్ లేన్ అనే యువతి, టోపీలు కుట్టే పని నేర్చిన మనిషి, నిందితుడి ఆవరణకే వెళ్తున్నానని చెప్పి ఇంటి నుంచి బయల్దేరింది. ఆ మాటా కోర్టు వినలేదు. వెళ్తానని అనడం ఉద్దేశమే, వెళ్ళినట్టు కాదన్నారు. అక్కడ వేరే సాక్ష్యాలు బలంగా ఉండటం వల్ల శిక్ష పడింది.

ఇక మన దేశానికి రండి. జేన్ చనిపోయిన మరుసటి యేడే, 1872లో, వైస్రాయ్ కౌన్సిల్‌లో న్యాయ సభ్యుడు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ తయారు చేసిన సాక్ష్య చట్టం ఇక్కడ అమల్లోకొచ్చింది. దాని 32వ సెక్షన్ మొదటి క్లాజు, చనిపోయిన మనిషి తన చావుకి కారణం గురించి గానీ, ఆ చావుకి దారితీసిన పరిస్థితుల గురించి గానీ చెప్పిన మాటను సాక్ష్యంగా తీసుకోవచ్చంది. ఆ మాట అన్నప్పుడు చావు భయం ఉండాల్సిన పని లేదని కూడా స్పష్టంగా రాసింది. ఇంగ్లండ్ తన గడ్డ మీద ఇవ్వని వీలు ఇక్కడి పుస్తకంలోకి ఎక్కింది.

ఆ వీలుకి పరీక్ష పెట్టింది మన పిఠాపురం మనిషి కేసే. 1937 మార్చిలో పూరీ స్టేషన్‌లో, రైలు మూడో తరగతి పెట్టెలో ఒక స్టీలు ట్రంకు దొరికింది. అందులో ముక్కలు చేసిన శవం. చనిపోయింది పిఠాపురం దివాను దగ్గర బంట్రోతుగా చేసిన నూకరాజు. దివాను కూతురు కుటుంబం అతని దగ్గర వడ్డీకి అప్పు తీసుకుంది. బాకీ తీరుస్తాం రమ్మని ఉత్తరం వచ్చిందని, బరంపురం వెళ్తున్నానని భార్యతో చెప్పి రైలెక్కాడు. ఆ మాట ఆమె కోర్టులో చెప్పొచ్చా? జేన్ కేసులో అడిగిన ప్రశ్నే ఇది. నిందితుడైన దివాను అల్లుడి పేరున పాకాల నారాయణస్వామి కేసుగా పేరుపడ్డ ఆ వివాదం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1939 జనవరిలో లార్డ్ ఆట్కిన్ తీర్పు చెప్పాడు. చనిపోయిన మనిషి తాను ఫలానా చోటికి వెళ్తున్నానని, ఫలానా కారణం మీద వెళ్తున్నానని, ఫలానా మనిషిని కలవబోతున్నానని అన్న మాటలన్నీ ఆ చావుకి దారితీసిన పరిస్థితులేనన్నాడు. భార్య చెప్పొచ్చు, కోర్టు వినొచ్చు. ఓల్డ్ బెయిలీలో ఫ్యానీ హ్యామిల్టన్ చెప్పలేకపోయింది పిఠాపురం ఇల్లాలు చెప్పగలిగింది.

ఆ సెక్షన్ ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లో 26వ సెక్షన్‌గా ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది.

చివరగా లండన్‌లోని బ్రాక్లీ శ్మశానానికి వెళ్దాం. జేన్ సమాధి మీద మోకరిల్లి ప్రార్థిస్తున్న పిల్ల రాతి విగ్రహం ఉంది. జనం చందాలు వేసుకుని పెట్టించారు. తల్లి లేని పిల్ల అని, ఏ బాట మీద హత్యకు గురైందో అని, పదిహేడేళ్ళని, ఆఖరిగా చావనివ్వమందని దాని మీద చెక్కారు. ఆ రాతి మీద హంతకుడి పేరు లేదు. ఆ హత్యకు ఇప్పటిదాకా ఎవరికీ శిక్ష పడలేదు.

జేన్‌కి మనం చేయగలిగింది లేదు. మన ఇళ్ళలో పనిచేసే పిల్లలకీ, హాస్టళ్ళలో ఉండి ఉద్యోగాలు చేసుకునే మన ఆడపిల్లలకీ చేయగలిగింది ఉంది. ఎక్కడికి వెళ్తున్నానో, ఎవరిని కలుస్తున్నానో చెబితే చెవిన పెట్టండి. ఎందుకని నిలదీసి నోరు నొక్కేస్తే రేపు చెప్పడం మానేస్తారు. వేళకి రాకపోతే పరువు పోతుందని ఆగకుండా వెంటనే వెతకండి. పోలీసు స్టేషన్ దాకా వెళ్ళాల్సి వస్తే, ఆమె అన్న మాటను ఆమె అన్నట్టే ఫిర్యాదులో రాయించండి, తేదీతో, వేళతో సహా. మన చట్టం ఆ మాటకు విలువిస్తుంది. దాన్ని కోర్టు దాకా చేర్చాల్సింది విన్నవాళ్ళే.